ఆ టిక్కు ఎవరిది?

(గత ఆదివారం సాయంత్రం హామ్ రేడియో మిత్రుల, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత సెట్లతో మాట్లాడుకునేవాళ్ల, సమావేశంలో ఒక సీనియర్ హామ్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ మూల ఫ్యాను కొంచెం ఆపేస్తారా? టకటకమంటోంది. మనం మాట్లాడుకోబోయేదే చప్పుడు గురించి. ముందు మన హాల్లోది ఆపుకుందాం.

నన్ను పిలిచినవాళ్లు ఒక కాగితం ఇచ్చారు. "ప్రాంతీయ స్థాయిలో రేడియో ఇంటర్‌ఫియరెన్స్ పరిష్కారానికి సమన్వయం" అని రాసుంది. ఒకరి చప్పుడు ఇంకొకరి రేడియోకి అడ్డం రాకుండా చూడడమన్నమాట. చదివి భయమేసింది. సమన్వయం అంటే పెద్ద ఆఫీసర్లు చేసేది కదా, నాకేం తెలుసు? తర్వాత ఆలోచిస్తే, నాకు తెలిసిందల్లా అదేనేమో అనిపించింది. ఎలాగో చెప్తా. ముందు నా తప్పుతో మొదలుపెడతాను.

1988. నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో టెక్నీషియన్ని. కొత్తగా హామ్ లైసెన్సు వచ్చింది. అద్దె ఇల్లు, మేడ మీద గది, డాబా మీద యాంటెన్నా. కింద ఓనరమ్మ ఉండేది. వీధి మొత్తం మీద మూడు టీవీలుంటే అందులో ఒకటి ఆవిడది. ఆదివారం పొద్దున పౌరాణిక సీరియల్ వస్తే వీధి వీధంతా ఆవిడ హాల్లోనే. నాకేమో సెలవు రోజది. పొద్దున్నే 21 మెగాహెర్ట్జ్ మీద దూరదేశాలు బాగా పలుకుతాయి. నేను పైన మోర్స్ కీ, టిక్కుల సంకేతాలు పంపే మీట, నొక్కుతూ కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆవిడ మెట్లెక్కి వచ్చింది. "అబ్బాయ్, నువ్వు పైన టిక్కుటిక్కుమంటుంటే కింద రాముడి మొహం మీద గీతలు పడుతున్నాయి" అంది. నేనేమన్నానో తెలుసా? "నా సెట్టు బాగానే ఉందండీ, మీ టీవీలోనే ఏదో తేడా ఉంది" అన్నాను. లైసెన్సు నా చేతిలో ఉంది కదా, ఆ ధీమా.

ఇక్కడ ఎలక్ట్రానిక్స్ పిల్లలున్నారు. 21ని మూడుతో గుణించండి. ఎంత? 63. అప్పటి దూరదర్శన్ చానళ్లలో నాలుగోది 61 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య. మా ఊరికి వచ్చేది ఆ నాలుగో చానలే. నా సెట్టు 21 దగ్గర పంపుతూ, దానితోపాటు మూడో హార్మోనిక్‌ని, అంటే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీని, 63 దగ్గర కొంచెం కారుస్తోంది. ఆ కొంచెం చాలు, రాముడికి గీతలు పడ్డానికి. తప్పు నాదే. టీవీది కాదు.

లో పాస్ ఫిల్టర్, అంటే పై ఫ్రీక్వెన్సీలను ఆపేసే వడపోత, కట్టుకున్నాను. కాయిల్స్ చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి. కానీ అది పనిచేస్తోందో లేదో పైనున్న నాకెలా తెలుస్తుంది? టీవీ కింద ఉంది. కింద చూసే ఆవిడకు నేనెప్పుడు కీ నొక్కానో తెలియదు. అందుకని ఆవిడ కొడుకుని, ఐదో క్లాసు పిల్లాణ్ణి, మెట్ల మధ్యలో నిలబెట్టాం. నేను "ఇప్పుడూ!" అంటాను. వాడు కిందికి అరుస్తాడు. ఆవిడ చూసి "వచ్చింది" అంటుంది. వాడు నాకు అందిస్తాడు. నేను కాయిల్ ఒక చుట్టు తీస్తాను. మళ్లీ "ఇప్పుడూ!" గంటన్నర పట్టింది. చివరికి వాడు "పోయింది, పోయింది" అని మెట్ల మీద గంతులేశాడు.

సమన్వయం అనే మాట ఎప్పుడు విన్నా నాకు ఆ మెట్ల మీద పిల్లాడే గుర్తొస్తాడు. గోల చేసేవాడొకడు, గోల వినేవాడొకడు. వినేవాడికి ఎవరు చేస్తున్నారో తెలియదు. చేసేవాడికి తాను చేస్తున్నట్టే తెలియదు. ఇద్దరి మధ్య ఒకడు నిలబడి, ఇటు మాట అటు, అటు మాట ఇటు, సరైన టైముకి అందించాలి. ఆ ఒక్కడు లేకపోతే మిగిలేది తగువే.

సరే, ఇప్పుడు ఊళ్లోకి వద్దాం.

ఎనిమిదేళ్ల కిందటి మాట. రిటైరై మా కడప వైపు, కొండల కింద చిన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నాను. నాకు మూడు కిలోమీటర్లలో ఇంకో ఇద్దరు హామ్‌లు. ఒకరు లెక్కల మాస్టారు, ఇంకొకతను మందుల షాపు నడిపే కుర్రాడు. రోజూ రాత్రి ఏడింటికి 40 మీటర్ల బ్యాండు మీద, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, కలుసుకునేవాళ్లం. ఒక చలికాలం మొదలయ్యింది టిక్కు. టిక్... టిక్... టిక్... సెకనుకొకటి, కొంచెం అటూఇటూ. సాయంత్రం చీకటి పడగానే మొదలు, తెల్లారేదాకా. నా ఎస్ మీటరు ఎనిమిది దాకా లేచేది. కొత్త పిల్లల కోసం చెప్తున్నా, ఎస్ మీటరు అంటే సిగ్నల్ బలం చూపేది, అందులో ఒక్కో అంకె పెరిగితే వోల్టేజి రెట్టింపైనట్టు. ఎనిమిది స్థాయిలో టిక్కు కొడుతుంటే నాలుగు స్థాయిలో మాట్లాడేవాడి మాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. "నమ... రం... లా ఉన్నా..." ఇదీ వరస.

నాయిస్ ఉంటే ఏమైంది, సరదా కోసం చేసేదే కదా అంటారేమో. 2004 డిసెంబరు గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం ఆ నెలలో అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్ నుంచి మాట్లాడుతోంది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆ సరదా కోసం పట్టుకెళ్లిన సెట్లే అప్పుడు కబుర్లు మోశాయి. అలాంటి రోజున మన చెవిలో టిక్కు కొడుతుంటే అవతలివాళ్లు అరుస్తున్నా మనకు వినపడదు. అందుకే నేను దీన్ని సరదా అనుకోను.

మళ్లీ కథలోకి. ముగ్గురం మూడు రకాలుగా అనుమానపడ్డాం. నేను కొత్తగా వేసిన సెల్ టవర్ అన్నాను. మాస్టారు పక్కింటి ఇన్వర్టర్ అన్నారు. కుర్రాడు కరెంటు స్తంభం అన్నాడు. ముగ్గురం ఎవరి అనుమానం వాళ్లు మోసుకుంటూ నెల గడిపేశాం. మాస్టారైతే పక్కింటాయనతో మాటలు కూడా మానేశారు. పాపం, ఆ ఇన్వర్టర్‌కేం సంబంధం లేదని తర్వాత తేలింది, అప్పటికి మాటలు పోయి రెండు నెలలు.

అసలు వింటేనే చాలావరకు తెలుస్తుంది. కరెంటు లైను మీద ఎక్కడైనా క్లాంపు వదులై నిప్పురవ్వ వస్తుంటే, మనది 50 సైకిళ్ల కరెంటు కాబట్టి సెకనుకు వంద సార్లు వస్తుంది. అది టిక్కులా వినపడదు, గర్ర్‌ర్ మంటుంది. పైగా అలాంటి వదులు జాయింటు వాన పడితే తాత్కాలికంగా నోరు మూసుకుంటుంది. మాది గర్రు కాదు. వాన పడ్డ రాత్రి తగ్గకపోగా పెరిగింది. అంటే స్తంభం కాదన్నమాట. మరి సెకనుకొకసారి కొట్టేది, రాత్రిళ్లు మాత్రమే కొట్టేది, తడిస్తే పెరిగేది, మన పల్లెల్లో ఏముంది చెప్పండి? చెప్పండి, ఎవరైనా. ఆఁ, ఆ చివర అమ్మాయి చెప్పింది. సోలార్ కంచె. చేను చుట్టూ తీగలోకి ఆగి ఆగి షాకు కొట్టేది. మావైపు ఝట్కా మిషన్ అంటారు. ఏ ఊరమ్మా మీది? రాయచోటి! అందుకే చెప్పావు.

కానీ మాకు అంత తొందరగా తట్టలేదు. ముందు నోటుబుక్కులు పెట్టుకున్నాం. అది కుర్రాడి ఐడియా. ముగ్గురం రోజూ రాయాలి: టిక్కు ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఎంత గట్టిగా ఉంది, వాన పడిందా, కరెంటు ఉందా. కరెంటు పోయిన రాత్రి కూడా టిక్కు ఆగలేదని నా పుస్తకంలో ఉంది. అంటే అది బ్యాటరీ మీద నడుస్తోంది. ఈ ఒక్క వాక్యం సెల్ టవర్ మీద, ఇన్వర్టర్ మీద నెల రోజుల వాదన కంటే ఎక్కువ పనిచేసింది. మీలో కొందరు టవర్‌కీ బ్యాటరీ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అందుకే ఇంకో పని చేశాం.

ఒక రాత్రి ముగ్గురం ఒకేసారి ఫోన్లో కలిసి, గడియారం చూసుకుంటూ ఒక్క నిమిషం టిక్కులు లెక్కపెట్టాం. నాకు 52. కుర్రాడికి 52. మాస్టారికి 47. మాస్టారు లెక్కల మాస్టారు కదా, తప్పు లెక్కపెట్టారని ఎవరనగలరు? మళ్లీ లెక్కపెట్టాం. నాకు 52, ఆయనకు 47. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు కుర్రాడన్నాడు, "సార్, ఇవి రెండు మిషన్లు."

చూశారా? నెల రోజులు ఒకే దొంగ కోసం వెతుకుతున్నాం. దొంగలు ఇద్దరు. ఎవరింట్లో వాళ్లం కూర్చుని ఏడాది విన్నా ఈ సంగతి బయటపడేది కాదు. మూడు చోట్ల ఒకే నిమిషం లెక్కపెట్టబట్టి తెలిసింది.

తర్వాత వెతకడం. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఇదిగో, చేతిలో పట్టుకునే ట్రాన్సిస్టర్. దీని లోపల ఫెర్రైట్ రాడ్ ఉంటుంది, సుద్దముక్క కంటే కొంచెం పొడుగు, నల్లగా. మీడియం వేవ్‌లో స్టేషను లేని ఖాళీ చోట పెట్టి ఇలా నెమ్మదిగా తిప్పండి. ఒక దిక్కులో టిక్కు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. అప్పుడు రాడ్ కొన చూస్తున్న వైపే దాని ఇల్లు. ఎక్కువ వినపడే వైపు చూడకండి, అది మోసం చేస్తుంది. తగ్గే వైపు చూడండి. కొన రెండు వైపులా ఉంటుంది కాబట్టి ఇటో అటో తెలియదు. అందుకే రెండో చోట నుంచి ఇంకొకరు చూడాలి. రెండు గీతలు మ్యాపు మీద గీస్తే ఎక్కడ కోసుకుంటే అక్కడ.

మా రెండు గీతలు కొండ కింద వేరుశనగ చేలో కోసుకున్నాయి. రాత్రి ఎనిమిదిన్నరకి టార్చి వేసుకుని వెళ్లాం. మంచె మీద రైతు కంబళి కప్పుకుని కాపలా ఉన్నాడు. అడవి పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి ఝట్కా మిషన్ పెట్టాడు. పగలు ఆపేసి, పొద్దుగూకగానే వేస్తాడు. మంచె గుంజకి ఒక చిన్న రేడియో వేలాడుతోంది. అందులో కడప స్టేషను, 900 కిలోహెర్ట్జ్, పాటలు. పాటల మధ్యలో, టిక్... టిక్... టిక్...

"ఈ చప్పుడు ఎప్పటినుంచన్నా?" అన్నాను. "నాకూ అర్థం కాకుండా ఉండాది సార్. సెల్లు అయిపోయిందేమో అనుకుంటి. మూడు సార్లు మార్చినా" అన్నాడు. సెల్లుల ఖర్చు ఎవరిస్తారని కూడా అడిగాడు నవ్వుతూ.

మనిషి తన మిషన్ చేసే చప్పుడు తన రేడియోలోనే వింటూ, సెల్లులు మారుస్తున్నాడు! 1988లో మేడ మీద కూర్చున్న నాకూ ఇతనికీ ఏం తేడా? నాకు లైసెన్సు ఉంది, అంతే.

టార్చి ఆర్పేసి కంచె వెంట నడిచాం. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక కనిపించింది. ఒక మూల, గడ్డి ఏపుగా పెరిగి తీగని తాకుతున్న చోట, చిన్న నీలం చుక్క. వెలిగి ఆరుతోంది. చెవి పెడితే చిట్, చిట్ అని కూడా వినిపిస్తోంది. ఇంకొంచెం ముందుకెళ్తే ఇంకోటి. అక్కడ గడ్డి లేదు. ఇన్సులేటరుకు బదులు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కర్రకి కట్టాడు. ఎండకి ట్యూబు పగిలింది. ఆ పగులులోంచి వేల వోల్టుల దెబ్బ కర్రలోకి దూకుతోంది. దూకినప్పుడల్లా నిప్పురవ్వ. రవ్వకి అర కిలోమీటరు తీగ యాంటెన్నాలా కట్టి ఉంది కదా, ఇక మీడియం వేవ్ ఏమిటి, షార్ట్ వేవ్ ఏమిటి, అన్నిట్లో పలుకుతుంది. నేను ఎక్స్చేంజిలో ఉండగా కొన్ని పల్లెల ల్యాండ్‌లైన్లలో ఇలాంటి టిక్కు విని కేబుల్ మార్చాం. ఆ రాత్రి నాకు ఆ కేబుళ్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు చూడండి, ఆ రైతుతో ఏం మాట్లాడాలి? "అన్నా, నీ కంచె వల్ల మా రేడియోలు పాడవుతున్నాయి" అనొచ్చు. ఆయనేమంటాడు? "నా చేను పందులు తింటే మీ రేడియో పెడుతుందా కూడు?" అంటాడు. అనాలి కూడా. మాస్టారు ఆ మాటే ఎత్తలేదు. "ఇదిగో ఇక్కడ షాకు కారిపోతోంది. ఇలా పది చోట్ల కారితే పందికి తగిలేసరికి చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నారు. అది నిజం. రవ్వ పోయే చోటల్లా కంచె బలం తగ్గుతుంది. మాకు గోల, ఆయనకి నష్టం, రెండూ ఒకే చోట నుంచి. మర్నాడు గడ్డి కోశాడు, ట్యూబు ముక్కలు తీసేసి ఇన్సులేటర్లు పెట్టాడు. ఆ రాత్రి నా మీటరులో 52 లేదు. 47 మిగిలింది, చిన్నగా.

రెండో మిషను ఆయన దగ్గర మాత్రం పాచిక పారలేదు. మేం కరెంటోళ్లమని అనుకున్నాడు. మీకు తెలుసుగా, కొంతమంది లైను కరెంటునే కంచెకి తగిలిస్తారు. పశువులు పోతాయి, మనుషులూ పోతారు, నేరం. ఆయన అలాంటి పని చెయ్యలేదు, నిక్షేపంలా ఝట్కా మిషనే పెట్టుకున్నాడు. కానీ రాత్రిపూట ముగ్గురు టార్చిలతో, చేతిలో ఏవో డబ్బాలతో వస్తే ఎవరికి అనుమానం రాదు? కుక్కని వదిలాడు. కుర్రాడి చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

పది రోజులాగి మొదటి రైతుని అడిగాం. ఆయన వెళ్లి టీ తాగుతూ చెప్పాడట, "నా కంచెకి చూసిపెట్టినారు, పైసా అడగలే" అని. అంతే. మెట్ల మీద పిల్లాడు ఎవరో మనం నిర్ణయిస్తే కుదరదు. అవతలివాడు ఎవరి మాట వింటాడో వాడే పిల్లాడు.

ఇలాంటివి ఇంకో రెండు గబగబా చెప్పి పెద్ద సంగతులకు వెళ్తాను. వేల్స్‌లో అబెర్‌హోసన్ అని ఒక పల్లె. రోజూ పొద్దున ఏడింటికి ఊరందరి ఇంటర్నెట్ పోయేది. ఏడాదిన్నర. కంపెనీవాళ్లు కేబుళ్లు కూడా మార్చారు. (మేమూ అదే చేశాం కదా.) చివరికి 2020లో ఇంజనీర్లు ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత గోల ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని తెల్లవారుజామునే వీధుల్లో తిరిగితే, సరిగ్గా ఏడింటికి ఒక ఇంట్లోంచి గోల మొదలైంది. పాత టీవీ. ఇంటివాళ్లు సిగ్గుపడి ఇక ఆ టీవీ వెయ్యబోమన్నారు. రెండోది ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోపు, 64 మీటర్ల పళ్లెం. 1998 నుంచీ ఏవో వింత మెరుపులు అందుతుండేవి. 2015లో తేలింది, వాళ్ల వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్. టైము పూర్తికాకముందే తలుపు లాగేస్తే ఆగిపోయే క్షణంలో ఒక తరంగం కక్కుతుంది. ఆకలి మీదున్నవాడు ఆగలేడు కదా! రెండుచోట్లా టైము గమనించడం దొంగని పట్టుకోవడానికి సాయపడింది.

ఇప్పుడు దేశాల మధ్య చూద్దాం. అక్కడ రైతు దగ్గరికి టార్చి వేసుకుని వెళ్లలేం.

1976లో షార్ట్ వేవ్ మీద ఒక కొత్త చప్పుడు మొదలైంది. సెకనుకు పది దెబ్బలు, టకటకటక, చెట్టు మీద వడ్రంగిపిట్ట పొడిచినట్టు. ప్రపంచమంతా వినపడేది. అది సోవియట్ యూనియన్ వాళ్ల దూగా రాడారు, చెర్నోబిల్ దగ్గర. దిగంతాల అవతలి క్షిపణుల్ని పసిగట్టడానికి పెట్టింది. బ్రాడ్‌కాస్టు స్టేషన్లు, హామ్‌లు, ఓడలు, విమానాలు, అందరి మీదా పడింది. ఎన్నో దేశాలు ఫిర్యాదు చేశాయి. కొందరు హామ్‌లు కోపంతో అదే ఫ్రీక్వెన్సీ మీద తిరిగి దెబ్బలు పంపారు, దాన్ని గందరగోళపెడదామని. పాత మిత్రులు ఇక్కడ కూడా నవ్వుతున్నారు, మీలో ఎవరైనా చేశారా? వద్దు, చెప్పకండి. అది 1989 దాకా మోగుతూనే ఉంది. అవతలివాడు తనది కాదంటుంటే, మధ్యలో నిలబడే పిల్లాడి మాట వినేదెవరు? కొన్ని గోలలు సమన్వయంతో ఆగవు. చరిత్ర మారితే ఆగుతాయి.

ఇటలీది ఇంకో రకం. నాకు దీని మీద ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే అది మా కంచెల కథే, దేశం సైజులో. 1976లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు ప్రసారాలకు తలుపు తెరిచింది. ఎవరికి వారు ఎఫ్ఎం స్టేషను పెట్టేశారు, వందలు, వేలు. కొండ కనిపిస్తే ట్రాన్స్‌మిటరు. 1984లో జెనీవాలో చాలా దేశాలు కూర్చుని ఎవరికి ఏ ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీ అని ప్లాను వేసుకున్నాయి. కానీ ఇటలీలో అప్పటికే గాలి నిండిపోయింది. ఎడ్రియాటిక్ సముద్రానికి ఇటు ఇటలీ, అటు క్రొయేషియా. నీళ్ల మీద ఎఫ్ఎం ఎంత దూరం జారిపోతుందో మన కోస్తా వాళ్లకి చెప్పక్కర్లేదు. వేసవి పొద్దున ఎక్కడెక్కడి స్టేషన్లన్నీ పడుతుంటాయి. క్రొయేషియా, స్లొవేనియా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, మాల్టా, అందరూ ఫిర్యాదుదారులే. జెనీవాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌కి రేడియో రెగ్యులేషన్స్ బోర్డు అని ఒకటుంది. దాని మీటింగు ఎజెండాలో ఈ విషయం ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. టీవీ సంగతి చాలావరకు సర్దుకుంది. ఎఫ్ఎం మాత్రం సాగుతూనే ఉంది.

ఎందుకు సాగుతోంది? ఆ బోర్డు పోలీసు కాదు. జైల్లో వెయ్యలేదు, స్టేషను మూయించలేదు. అది చేసేది మెట్ల మీద పిల్లాడి పనే. ఫలానా స్టేషను, ఫలానా ఫ్రీక్వెన్సీ, మా ఫలానా ఊళ్లో ఇంత బలంగా పడుతోంది అని ఒకరు కొలిచి పంపుతారు. దాన్ని ఇటలీ ముందు పెడతారు. ఏమైంది అని అడుగుతారు. మళ్లీ అడుగుతారు. పిల్లాడు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నా, పైనున్నవాడు కాయిల్ చుట్టు తియ్యాలి కదా! అక్కడ పైనున్నవాళ్లు వేలమంది, ఒక్కొక్కరికీ ప్రకటనల ఆదాయం ఉంది. మా రైతుకి గడ్డి కోస్తే లాభం. ఇటలీ స్టేషన్‌వాడికి పవరు తగ్గిస్తే నష్టం. తేడా అక్కడుంది.

ఒకే దేశంలో రెండు ఆఫీసులు మాట్లాడుకోకపోయినా ఇంతే. 2022 జనవరి. అమెరికాలో అప్పటికే 5జీ కోసం 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర స్పెక్ట్రమ్ అమ్మేశారు, ఎనభై బిలియన్ డాలర్లకు పైనే. విమానం దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో చూసే ఆల్టిమీటరు 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. కాస్త దూరమే, కానీ పాత ఆల్టిమీటర్ల వడపోత అంత గట్టిది కాదు. టెలికాం చూసే సంస్థ ఒకటి, విమానాలు చూసేది ఇంకొకటి. డబ్బులు కట్టించుకుని, టవర్లు వేశాక, ఇక ఆన్ చేసే రోజు ముంగిట గొడవ. 19వ తేదీన ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు కొన్ని రద్దయ్యాయి. మన తెలుగు వాళ్లు ఎంతమంది ఆ రోజు ఎయిర్‌పోర్టుల్లో కూర్చున్నారో! అది చూసి మన టెలికాం శాఖ అదే ఏడాది నవంబరులో ముందే చెప్పింది, రన్‌వే రెండు చివర్ల నుంచి 2,100 మీటర్ల లోపల 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ బ్యాండు 5జీ టవర్లు వద్దని. ఎయిర్‌పోర్టు దగ్గర 5జీ పడలేదని తిట్టుకున్నవాళ్లు అది గుర్తుచేసుకోండి.

మన వీధి సంగతి ఒకటి మర్చిపోయాను. సిగ్నల్ బూస్టర్లు. ఆన్‌లైన్లో కొని డాబా మీద పెట్టేస్తారు. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. లోపలి యాంటెన్నా, బయటి యాంటెన్నా ఒకదాన్ని ఒకటి వింటే, మైకు స్పీకరు ముందు పెడితే కూయ్‌మన్నట్టు, అది కూస్తుంది. ఆ కూత టవర్ చెవిలో పడుతుంది. మీ ఇంట్లో నాలుగు గీతలు, వీధిలో అందరికీ కాల్స్ కట్. పెట్టినవాడు కూడా "ఈ నెట్‌వర్కు దండగ" అని తిడుతుంటాడు. రేడియో దగ్గర సెల్లు మార్చిన రైతు లాగే.

ఫిర్యాదు ఎవరికి చెయ్యాలని చాలామంది అడుగుతారు. కేంద్రంలో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఉంది, 1952 నుంచి. దాని కింద మానిటరింగ్ స్టేషన్లు ఉన్నాయి, హైదరాబాద్‌లోనూ ఉంది. బయటి దేశాలవాళ్లు మన హామ్ బ్యాండ్లలోకి వస్తే మన జాతీయ సంఘం ఏఆర్ఎస్ఐ ద్వారా పంపొచ్చు, హామ్‌ల అంతర్జాతీయ సంఘంలో మనం ఉన్న మూడో రీజియన్ మానిటరింగ్ వాళ్లు పోగేస్తారు. కానీ ఒక్క మాట. "మా దగ్గర నాయిస్ ఎక్కువగా ఉంది, చర్య తీసుకోండి" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఎంత బలం, ఏ దిక్కు, ఎక్కడెక్కడ విన్నారు, చప్పుడు ఎలా ఉంది, ఇవి ఉండాలి. వీలైతే రికార్డింగు. అన్నిటికన్నా ముందు, మీ ఇంట్లో మెయిన్ ఆపేసి, బ్యాటరీ మీద సెట్టు పెట్టి విన్నారా లేదా? ఆ లైను మొదట రాయండి. సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి. దొంగ మన ఎల్ఈడీ బల్బో, ఫోను చార్జరో అయి ఉంటుంది.

ప్రశ్న ఏదో అడిగారు, వెనకాల. గట్టిగా. ఆఁ... "అన్నీ పరిష్కారమయ్యాయా సార్" అంటున్నాడు. లేదు నాయనా. మా వీధి చివర ఎల్ఈడీ దీపాలున్నాయి, నాలుగు. మూడు మంచివి. ఒకటి రాత్రంతా 7 మెగాహెర్ట్జ్ మీద జుమ్మంటుంది. మార్చమని రాసిచ్చి పద్నాలుగు నెలలైంది. అడిగితే "వెలుగుతోంది కదా సార్" అంటారు. నిజమే, వెలుగుతోంది. దీపం వెలగడమే వాళ్ల రిజిస్టరులో ఉంది, జుమ్మనడానికి కాలమ్ లేదు. ఎవరి మాట వింటారో ఇంకా కనుక్కోలేదు. లైన్‌మన్‌కి పాటలంటే ఇష్టమట. పాత రేడియో ఒకటి బాగుచేసి ఇద్దామనుకుంటున్నా, అందులో జుమ్మని వినిపిస్తే చూద్దాం.

టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. టీ వచ్చినట్టుంది. ఒక్క నిమిషం. ఆ బల్ల మీద ఇరవై నోటుబుక్కులు పెట్టాను, గీతలు కూడా గీసి. ఒక్కొక్కటి తీసుకోండి. ఈ నెల రోజులు రాత్రి ఏడున్నరకి, అందరూ ఒకే సమయంలో, పది నిమిషాలు వినండి, రాయండి. ఏమీ వినపడకపోతే "ఏమీ లేదు" అని రాయండి, ఖాళీ వదలకండి. వచ్చే నెల మొదటి ఆదివారం పుస్తకాలు తెండి, మ్యాపు మీద పెడదాం. ట్రాన్సిస్టర్ లేనివాళ్లకి నా దగ్గర రెండున్నాయి, ఇస్తాను. సెల్లులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.